కార్డు వచ్చింది, అబ్లా

మూడు నిమిషాలు, అబ్లా. పోయిన చలికాలం ఆ వైద్య కమిటీ వాళ్ళు నా కూతుర్ని చూసింది మూడంటే మూడు నిమిషాలు. ఒక్క గలేబియా, ఆ పొడుగు అంగీ, ఇస్త్రీ చెయ్యాలంటే నాకు అంతకంటే ఎక్కువ పడుతుంది. లేదు లేదు, కూర్చోను. కొట్టు తెరిచే వదిలేసి వచ్చా.

తొమ్మిదేళ్ళ పిల్లకి ఆటిజం ఎంత ఉందో మూడు నిమిషాల్లో తేల్చేశారంటే వాళ్ళెంత చదువుకుని ఉండాలి చెప్పండి? రెండేళ్ళుగా ఈ బడిలో మా సల్సబీల్‌కి పాఠాలు చెప్తున్న టీచరు, మీరే, ఈ పిల్ల నాకింకా పూర్తిగా అంతుపట్టలేదు ఉస్తా షౌకీ అని నాతో అంటారు.

అయినా తప్పు మాదేలెండి. కాదు, నన్ను చెప్పనివ్వండి. ప్రభుత్వం వాళ్ళ ముందుకి పిల్లని తీసుకెళ్తున్నామంటే ఏం చేస్తాం? వాళ్ళమ్మ తలంటి పోసింది, రెండు జడలేసింది. నేను పండగ గౌను తీసి, కుచ్చు కుచ్చూ విడదీసి ఇస్త్రీ చేశా. ఈ టంటా ఊళ్ళో ఇస్త్రీవాడి కూతురు నలిగిన గౌనుతో కమిటీకి వెళ్తుందా? జనం ఉమ్మెయ్యరూ?

వెళ్ళింది. మీరు నేర్పినట్టే కుర్చీలో కాళ్ళు దగ్గరికి పెట్టుకుని కూర్చుంది. నీ పేరేంటమ్మా అన్నాడు డాక్టరు. "సల్సబీల్ షౌకీ" అంది. కొత్త మనిషికి పేరు చెప్పడం అదే మొదటిసారి అబ్లా. నాకు ఒళ్ళు తెలీలేదు. నోరు మూసుకోవచ్చుగా? పొద్దున తన గిన్నె తనే కడుక్కుంది డాక్టర్ గారూ అని గొప్పలు కూడా పోయా.

మాషా అల్లా, బాగుందిగా అన్నాడు. వికలాంగుల కార్డుకి అర్హత లేదని రాసేశాడు.

బాగుందట. వీధిలో కుక్క మొరిగితే చెయ్యి కొరుక్కునే పిల్ల బాగుందట. తెల్ల రొట్టె తప్ప ఇంకేదీ ముట్టని పిల్ల, అదీ అంచులు కోసేస్తేనే తినే పిల్ల, బాగుందట.

అప్పట్నించీ నా తిరుగుడు మీకు తెలుసు. ఈ కిటికీ కాదు ఆ కిటికీ, రెండ్రోజులు సెలవు ఆదివారం రా, మేడమ్ సెలవులో ఉంది, సర్కారు వారి గద్ద ముద్ర లేదు, ముద్ర ఉంది గానీ సరిగా పడలేదు. ఇక్కడేమో మీ పెద్ద మేడమ్, కార్డుంటేనే ఫీజులో రాయితీ, నెలాఖరులోగా తేకపోతే పాపని తీసుకెళ్ళిపో, వరసలో నలభై మంది ఉన్నారంది. ఆమెనేం అనను. కానీ తీసుకెళ్ళి ఎక్కడ పెట్టను? గదిలో పెట్టి తలుపేసుకోనా? మీ దగ్గరికి రాకముందు మేం చేసిందదేగా.

మళ్ళీ చూడమని అడగడానికి ఒక్కసారే అవకాశం. ఆ అర్జీ ఇచ్చే రోజు మెట్ల మీద ఒకావిడ చెప్పింది, రెండు రోజులు స్నానం చేయించకు, పొద్దున తిండి పెట్టకు, అలా తీసుకురా అని. నేను ఆవిణ్ణి తిట్టిపోశా. నువ్వు తల్లివేనా అన్నా. పాపం, ఆవిడ.

అందుకని మళ్ళీ చూడ్డానికి పిలిచిన బుధవారం కూడా శుభ్రంగానే తీసుకెళ్ళా.

వచ్చింది అబ్లా, కార్డు మంజూరైంది. ఇదిగో కాగితం, ముద్ర చూడండి, ఎంత బాగా పడిందో. వాళ్ళమ్మ అవాతిఫ్ మా బిల్డింగంతా షర్బత్ పంచింది. ఇంకేం కావాలి?

అవును. గురువారం నుంచి పిల్ల బడిలో బల్ల కింద దూరుతోందని మీరు చెప్పారు. విన్నాను. చెవులున్నాయి నాకు.

ఇంట్లో ఏం జరగలేదు. ఒట్టు. ఇంట్లో ఏం జరగలేదు.

అలా చూడకండి.

బుధవారం పిల్లతో లోపలికి ఒక్కరే రావాలన్నారు. అవాతిఫ్ బయటే ఉండిపోయింది. అదే డాక్టరు. సల్సబీల్ చక్కగా కూర్చుంది. ఆయన కలం తీశాడు. ఈసారీ అదే రాస్తాడని నాకు అర్థమైపోయింది. పేరు అడిగాడు. పిల్ల పెదాలు కదిపింది. చెప్పబోతోంది.

ఇస్త్రీ పనివాళ్ళం మేం పుక్కిట నీళ్ళు పట్టి బట్ట మీద చిమ్ముతాం, చూసుంటారు. తుస్సుమని. మా నాన్న అలాగే చేశాడు, నేనూ అలాగే. సల్సబీల్‌కి మూడేళ్ళప్పుడు ఆ చప్పుడు పడలేదు. నేలకేసి తల కొట్టుకునేది. కణత దగ్గర ఆ మచ్చ అప్పటిదే. ఆరేళ్ళైంది మానేసి. ప్లాస్టిక్ సీసాతో నీళ్ళు చల్లుకుంటుంటే సాటివాళ్ళు నవ్వేవాళ్ళు, పువ్వులకి పోస్తున్నావా షౌకీ అని. నవ్వుకోనిమ్మన్నా.

ఆ చప్పుడు చేశా అబ్లా.

నోట్లో నీళ్ళు కూడా లేవు. దగ్గు వచ్చినట్టు చెయ్యి అడ్డం పెట్టుకుని, దాని చెవి దగ్గర. మొదటిసారి కదల్లేదు. డాక్టరు తలెత్తలేదు. మళ్ళీ చేశా.

కుర్చీతో సహా పడిపోయింది. ఆ అరుపు... మీరు ఆ అరుపు వినలేదు, మీ దగ్గరికి వచ్చేసరికి తగ్గిపోయింది. డాక్టరు గోడకి అతుక్కుపోయాడు. నర్సు పరిగెత్తుకొచ్చింది. ఆయన గబగబా రాస్తున్నాడు. నాకు చదువు పెద్దగా రాదు, ఏం రాస్తున్నాడో తెలీదు. మధ్యలో పిల్ల కాస్త నెమ్మదించింది. ఎక్కడ మనసు మార్చుకుంటాడో అని మూడోసారి కూడా చేశా.

రెండుసార్లతో ఆగుంటే నన్ను నేను మనిషిననుకునేవాణ్ణేమో.

రెండేళ్ళుగా మీరు దానికి మొహంలోకి చూడమని నేర్పుతున్నారు. మీ వంక చూస్తుంది, వాళ్ళమ్మ వంక చూస్తుంది. నా వంక ఎప్పుడూ చూడలేదు. నాకు బాధగా ఉండేది, మీతో చెప్పలేదు గానీ. ఆ రోజు చూసింది. నేల మీద పడి, నేరుగా నా కళ్ళల్లోకి. ఎవరు చేశారో దానికి తెలుసు.

అవాతిఫ్‌కి చెప్పకండి. చెప్పినా పర్లేదు.

కాగితం పెద్ద మేడమ్‌కి ఇచ్చెయ్యండి. ఇంక దాన్ని ఎవరూ ఇక్కణ్ణించి పంపరు, అది చాలు నాకు. పేరు చెప్పడం మళ్ళీ మొదట్నించి నేర్పాలేమో, కాస్త ఓపిక పట్టండి.

గంట కొట్టినట్టున్నారు. వెళ్తా. పిల్లని తీసుకెళ్ళడానికి వాళ్ళ మేనమామ గేటు దగ్గరున్నాడు. ఈ వెనక తలుపు ఎటు పోతుంది అబ్లా? నేను కనబడితే అది బయటికి రాదు.