ఒక్క సీటు తక్కువ

వనపర్తి. కరెంటు ఆఫీసు వరండా. లోపల లైన్‌మన్ లింగయ్య చావు మీద విచారణ జరుగుతోంది. పిలుపు కోసం బల్ల మీద కూర్చున్నవాళ్ళు ఇద్దరు: ఆ రోజు స్విచ్ వేసిన సబ్‌స్టేషన్ ఆపరేటర్ లాల్ అహ్మద్, అక్కడి కంప్యూటర్లు చూసే దినేష్.

"మళ్లొకసారి అడుగుతున్న బేటా. నేను చూసిన్నా, చూడలేదా?"

"నాకెట్ల తెలుస్తది చాచా?"

"కంప్యూటర్ పెట్టింది నువ్వే గద."

"చాయ్ తాగుదామా?"

"ఇప్పుడే తాగినం. కప్పు నీ చేతిలనే ఉన్నది."

"అవును గద."

"నాకు మంచిగ యాదికున్నది. గాలివాన తగ్గింది. లైను ట్రిప్పయి కరెంటు బందున్నది. రైతులు ఒకటే ఫోన్లు, కరెంటియ్యి, కరెంటియ్యి అని. కంప్యూటర్ల ఆ లైను పేరు కొట్టి వెతికిన. ఎవలన్న కరెంటు పోలెక్కినమని మెసేజ్ పెడితే చూపెట్టాలె గద. ఏం రాలె. మళ్ల కొట్టిన. ఏం రాలె. గప్పుడేసిన స్విచ్చి."

"అవును చాచా."

"అవునంటే? మొన్ననే సార్లు కాయితం చూపెట్టిండ్రు. నేను స్విచ్చెయ్యకముందే లింగయ్య సెల్లు నుంచి మెసేజ్ కొట్టిండు, పోలెక్కుతున్న అని. టైము గూడ ఉన్నది. నువ్వు చూడకనే ఏసినవంటుండ్రు. అప్పటిసంది నా మీద నాకే అనుమానం. మా ఇంటామె అజీజున్నీసా గూడ, నీ కండ్లు జర మసకైనయేమో అంటున్నది."

"మీ కండ్లు మంచిగనే ఉన్నయి."

"నీకెట్ల తెల్సు? ఇప్పుడే తెల్వదంటివి."

"చాచా, పెద్దసారు అడిగిందానికే జవాబు చెప్పుమన్నడు. ఆ ముచ్చట నన్ను ఎవరూ అడగలే."

"నేనడుగుతున్న గద. నిన్న లింగయ్య ఇంటికి పోయిన. ఆయన పెండ్లాం పుష్పమ్మ తిడతదనుకున్న. పీటేసింది. నీళ్లిచ్చింది. నాకు, నీళ్లు. తాగినంక ఒక్కటే అడిగింది: అన్నా, జర చూస్తివా? అని. ఏం చెప్పాలె ఆమెకు?"

"చూసిన అని చెప్పుండ్రి."

"చూస్తే కనబడదా మరి?"

"కనబడదు. అప్పటికి మెసేజ్ ఇక్కడి సర్వరుకు చేరలే. కాయితం మీదున్నది లింగయ్య పంపిన టైము. చేరిన టైము కాదు."

"మరి అప్పటిదాంక ఏడున్నది?"

"మీ సబ్‌స్టేషన్లనే. పంపే డబ్బాల. సెల్లుల కొట్టిన మెసేజ్ గూడ ముందుగాల అండ్లకే వస్తది."

"నా కుర్చీ పక్కకున్న డబ్బాల్నా?"

"ఆ. మీరు వెతికేది ఈడ వనపర్తిల ఉన్న సర్వరుల. లైను ట్రిప్పయినా, స్విచ్చేసినా, ఎవలన్న పోలెక్కినా, అన్నిటికీ ఒక్కో మెసేజ్ దీనికి రావాలె. గాలి లేస్తే అన్ని సబ్‌స్టేషన్లయి ఒక్కసారే వచ్చి పడతయి. ఒక్కొక్కటే తీసుకుంటుంటే సర్వరు ఆగిపోతది. నిరుడు ఆగింది యాదికుందా?"

"ఎందుకు లేదు. నువ్వొచ్చి బాగు చేస్తివి."

"బాగు చేసుడంటె గదే. ఒక్కొక్కటి పంపకు, మూట గట్టి పంపు అని డబ్బాకు చెప్పిన. ఐదునూర్లు జమైతేనే పంపాలె."

"ఆత్మకూరు అడ్డా మీద ఆటో లెక్కనా?"

"గట్లనే. నిండితేనే కదులుతది."

"ఆటోవాడు గూడ పొద్దు గూకితే నలుగురితోనన్న ఎల్లిపోతడు గదరా."

"గది చెప్పుడు మరిచిన చాచా. జరసేపు చూసి, నిండకున్నా పో అని చెప్పాలె. గాలివానల నిండకుండ ఎట్లుంటది అనుకున్న. తగ్గినంక సంగతి తోచలె."

"తగ్గినంకనే గద మనిషి పోలెక్కేది."

"గదే తప్పయింది చాచా."

"ముందు ఎర్ర బోర్డుండేది. లింగయ్య ఫోన్ చేస్తే స్విచ్చి పిడికి తగిలిస్తుంటి, మనుషులు పని చేస్తున్నరు అని. కంప్యూటరొచ్చినంక బోర్డు అక్కెర లేదన్నరు. ఇప్పుడది నీళ్ల బకెట్ మీద మూత."

"నేను చెప్త చాచా. మిమ్ముల పిలవకముందే పోయి చెప్త, తప్పు నాదని. పుష్పమ్మక్కకు గూడ చెప్త."

"నౌకరి పోతది."

"పోనియ్యి."

"ఇటు చూడు. ఏడ్వకు. నువ్వు కావాలని చేసినవా? నేను చూసిన. గది చాలు నాకు. ఇయ్యాల బుక్కెడు బువ్వన్న తింట."

"ఆ."

"అయితే నేను వెతికేటప్పటికి ఆటో ఎంత నిండింది?"

"వొదిలెయ్యుండ్రి చాచా."

"అడుగుతున్న గద."

"ఒక్క సీటు తక్కువ."

"ఒక్కటే?"

"ఒక్కటే."

"మరి ఆ సీటుకు ఎవరొచ్చిండ్రు? ఏ మెసేజ్ వస్తే కదిలింది?"

"చాయ్ తాగుదాం పాండ్రి."

"దినేష్."

"మీరు స్విచ్చేసిన మెసేజ్, చాచా."