మూత పెట్టిన క్యాను

"పుస్తకం ఏది అక్కా?"

"ఏ పుస్తకం?"

"సంతకాల పుస్తకం. ఏ పుస్తకమంటావేంటి? నాలుగొందల పన్నెండు సంతకాలున్నది."

"ఉంటుందిలే ఎక్కడో. ముందు క్యాన్లు కడగనీ."

పాల కేంద్రంలో పొద్దుటి పాలు పోయించుకోవడం అయిపోయి, లారీ వెళ్లి రెండు గంటలు దాటింది. పన్నెండేళ్లుగా ఇక్కడ పాలు పరీక్ష చేసే పెద్దకోడలు కుళాయి కింద క్యాన్లు తోముతోంది. అదే ఇంటి చిన్నకోడలు గుమ్మంలో నిలబడింది. విదేశీ పాలపొడిని సుంకం లేకుండా రానిచ్చే ఒప్పందం మీద జనం మాట వింటామని ప్రభుత్వ కమిటీ ఇవాళ పట్నంలో కూర్చుంటోంది. సంతకాలు చేతికిచ్చిన వాళ్లకే మాట్లాడే అవకాశం. ఇవన్నీ పెద్దకోడలికి తెలుసు. తెలిసే, తోమిన క్యానునే మళ్లీ తోముతోంది.

"వ్యానులో పదిహేను మంది కూర్చున్నారక్కా. కేంద్రం సెక్రటరీ గారు ఇప్పటికి నాలుగుసార్లు గడియారం చూశారు."

"చూడనీ. చూస్తే అరిగిపోతుందా?"

"పదకొండింటికి పిలుస్తారు. పుస్తకం లేకపోతే నోరు తెరవనివ్వరు."

"నీ నోరు ఎవరాపగలరు తల్లీ? పేపర్లో కూడా నోరు తెరిచే పడ్డావు."

"ఆ ఫోటో సంగతి ఇంకా వదల్లేదా నువ్వు?"

"నేను వదిలినా అది వదలాలిగా. బడి మేష్టారు తెచ్చి ఇక్కడే అంటించాడు, సరిగ్గా నా బల్ల ఎదురుగా. పాలు పోసినవాళ్లు నిన్ను చూసి మురిసిపోయి వెళ్తున్నారు. 'మీ పాలల్లో నీళ్లున్నాయి' అని నేను మొత్తుకుంటుంటే ఒక్కడూ వినడు."

"చింపెయ్యి."

"చింపితే కుళ్ళుబోతుదంటారు."

"కాదా మరి?"

"అవును, కుళ్ళే. ఏం? 'పాలకి దూడ సాక్షి, పొడికి ఎవరు సాక్షి?' ఆ మాట ఎవరిది? చెప్పు."

"నీదే."

"ఈ బల్ల దగ్గరే అన్నాను. నువ్వు ఆ మూల బిందె పట్టుకుని నిలబడ్డావు. మర్నాడు బడి మైదానంలో మీటింగు పెడితే స్టేజీ ఎక్కి నీ సొంతంలా అనేశావు. ఇక చప్పట్లే చప్పట్లు. ఇప్పుడు అట్టల మీద రాసుకుని ఊరేగుతున్నారు. మా ఆయనైతే 'మరదలు ఎంత బాగా చెప్పిందే' అని, నా మాట తెచ్చి నాకే వినిపిస్తాడు."

"ముందు నిన్నేగా పిలిచారు. రెండుసార్లు పిలిచారు. క్యాను మూత కనపడటం లేదంటూ నువ్వు వెనక్కి వెళ్లిపోయావు."

"కనపడలేదు కాబట్టి వెళ్లాను."

"బడి మైదానంలో క్యాను ఎక్కడిదక్కా?"

"నాలుక పిడచగట్టుకుపోయింది. చాలా? అంతమందిని చూసేసరికి భయమేసింది. కానీ తిరిగింది ఎవరు? ఏడు ఊళ్లు. కుక్కలు తరిమితే పరిగెత్తి, ఒక్కో గడపా ఎక్కి, ఆ పొడి దిగితే ఈ కేంద్రం మూసేస్తారు, అప్పుడు మీ పాలు ఎవరికి పోస్తారని ఒక్కొక్కరికీ విడమరిచి చెప్పి, సంతకం పెట్టించింది నేను. నీకు నోరుంది. అంతే."

"అంతే. నాకు నోరే ఉంది. అక్కడ పాలల్లో వెన్న శాతం ఎంతని కమిటీ వాళ్లడిగితే నాకేం తెలుసు? మన గేదె కూడా నాకు చేపదు, పాలు వదలదు."

"ఇప్పుడు గేదె ఎందుకు మధ్యలో?"

"నాలుగేళ్లుగా కడుగుతున్నాను, మేత వేస్తున్నాను. నేను కూర్చుంటే కాలు విదిలిస్తుంది. నువ్వు దొడ్లోకొచ్చి దగ్గితే చాలు, చేపేస్తుంది. అది చూసి అత్తయ్య నవ్వుతుంది. ఎన్నిసార్లు ఏడ్చానో తెలుసా నీకు?"

"గేదె కోసమా?"

"గేదె కోసమే. నవ్వకు."

"నవ్వట్లేదు. నా పాత చీర కట్టుకుని కూర్చోవే పిచ్చిదానా. వాసనకి చేపుతుంది."

"ఇప్పుడా చెప్పేది? నాలుగేళ్లయ్యాకా?"

"నువ్వు అడగలేదుగా."

"సరే, ఇప్పుడు అడుగుతున్నాను. పుస్తకం ఏది?"

"ఇంట్లో ఉండిపోయినట్టుంది."

"ఇల్లంతా గాలించే వచ్చాను."

"అయితే మేష్టారి దగ్గర..."

"ఆయన్నీ అడిగాను. నా మొహం చూసి చెప్పక్కా."

పెద్దకోడలు కుళాయి కట్టేసింది. తుడుచుకోవడానికి కొంగు కోసం తడుముకుంది కానీ చేతులు తుడుచుకోలేదు.

"దాచాను. నువ్వు వెళ్లకూడదని దాచాను. నిన్న సాయంత్రం, కడిగి ఆరిన క్యానులో పెట్టాను. ఎవరి కంటా పడకుండా మూత పెట్టాను."

"మూత పెట్టావా?"

"ఊఁ."

"కడిగిన క్యాను బోర్లించాలి, మూత పెట్టిందల్లా పాలున్న క్యాను, అది లారీ ఎక్కాలి. కొత్తగా వచ్చినవాళ్లందరికీ చెప్పేది నువ్వేగా? నేను మర్చిపోతే చెవి కూడా మెలిపెట్టావు."

"పన్నెండేళ్లుగా నేనే చెప్తున్నాను. పొద్దున్న నేను పరీక్షలో మునిగి ఉన్నాను. డ్రైవరు మూత ఉన్నవన్నీ ఎక్కించేశాడు. 'ఇది తేలిగ్గా ఉందేంటమ్మా, గేదెలు అలిగాయా' అన్నాడు. వేళాకోళమనుకుని నేనూ నవ్వాను. లారీ మలుపు తిరిగాక వెలిగింది. ఫోను చేస్తే డ్రైవరు ఎత్తలేదు. అక్కడ డెయిరీలో దించగానే క్యాన్లలో మరిగే నీళ్లు పోస్తారే. ఏడూళ్ల సంతకాలు, ముసలాళ్ల వేలిముద్రలు. నా చేతులారా చేసుకున్నాను."

"అక్కా..."

"తిట్టు, పడతాను. వ్యానులో వాళ్లకి నేనే చెప్తాను. ఏడూళ్లకీ నేనే పోయి చెప్తాను. రేపు ఈ కేంద్రానికి తాళం పడితే నా పాపమే."

"పుస్తకం వ్యానులో ఉందక్కా."

"ఏంటీ?"

"డ్రైవరు దారిలో టీకి ఆగి, అనుమానమొచ్చి మూత తీశాడట. మనింటికి ఫోను చేస్తే మీ మరిది బండేసుకుని వెళ్లి తెచ్చాడు. గంటైంది."

"గంట నుంచీ తెలుసా నీకు? తెలిసే నన్నిలా కక్కించావా? మరి ఎందుకొచ్చావు, నా ఏడుపు చూడటానికా?"

"తిడదామనే వచ్చాను. గట్టిగా, వ్యానులో అందరికీ వినపడేలా. కానీ పుస్తకం తడిసిందేమోనని ఒక్కో పేజీ తిప్పి చూశాను. ఏమీ తడవలేదు. అందరివీ ఉన్నాయి. నాది, బావగారిది, అత్తయ్య వేలిముద్ర, ఆఖరికి మనతో మాటల్లేని పక్కింటివాళ్లవి కూడా. మూడుసార్లు వెతికాను. నీ సంతకం లేదేంటక్కా?"

"నేను అందరినీ అడిగాను. నన్నెవరూ అడగలేదు."