నూట ఇరవైలో ఒకటి

కుట్టు కార్ఖానాలో, భోజనాల వేళ, కత్తిరింపు బల్లకి చెరోవైపు నిలబడ్డ అక్కాచెల్లెళ్లు.

“చెయ్యి చూపించు.”

“ఎందుకు?”

“డబ్బాలో పెట్టిన చెయ్యి. పది చీటీల్లోంచి మూడు తీసిన చెయ్యి.”

“మామూలుగానే ఉందక్కా. ముగ్గురి పని తీసేస్తానన్నాడు సూపర్‌వైజరు. చీటీలేద్దామన్నది మీరంతా. నన్ను తియ్యమన్నారు, తీశాను. మొహం పక్కకి తిప్పుకునే తీశాను, అందరూ చూశారు.”

“వచ్చిన పేర్లు కూడా చూశారు. గుండీలామె, ఇస్త్రీ ఆమె, నేను. పనివేళ వెనక తలుపుకి తాళం వెయ్యొద్దని కాగితం మీద సంతకం పెట్టిందీ మేం ముగ్గురమే.”

“మీ రాత అలా ఉంది.”

“రాత సంగతి తర్వాత, లెక్క విను. మొదటి చీటీ పది రకాలుగా రావొచ్చు. రెండోది తొమ్మిది, మూడోది ఎనిమిది. గుణిస్తే ఎంత?”

“నాకు పాఠాలు చెప్పకు.”

“ఏడువందల ఇరవై. ఎవరి పేరు ముందొచ్చినా పోయేది ఆ ముగ్గురే. ఒక్కో ముగ్గురూ ఆరు వరసల్లో రావొచ్చు గనక ఆరుతో భాగించు. నూట ఇరవై జట్లు. అందులో మా జట్టు ఒక్కటి.”

“ఏ ముగ్గురొచ్చినా నూట ఇరవైలో ఒకటే కదా. వేరేవాళ్లొచ్చుంటే ఇలాగే నిలదీసేదానివా?”

“లేదు. వేరే ఏ ముగ్గురూ కలిసి ఆయనకి వ్యతిరేకంగా సంతకం పెట్టలేదు. మా జట్టు చీటీలకి ముందే ఆయన మనసులో ఉంది.”

“చిన్నప్పుడూ ఇంతే. ఎవరి ముక్క పెద్దదో కొలిచిగాని తినేదానివి కాదు.”

“మాట మార్చకు. ఏం గుర్తు పెట్టాడు?”

“ఏ గుర్తూ లేదు.”

“తోడబుట్టినదానివి. పక్కన కూచోబెట్టుకుని నాలుగేళ్లు మెషిను నేర్పించాను...”

“మెషిను నేర్పావు. మరి కత్తెర? మొన్న ఈ బల్ల దగ్గరికి నన్ను తీసుకుంటానంటే ఆయనతో ఏమన్నావు?”

“నీ చెయ్యి నిలకడగా ఉండదన్నాను. ఉన్నమాటే. గుడ్డ తాను పాడైతే ఎవరు చెప్పాలి జవాబు? ఇప్పుడదెందుకు?”

“ఊరికే అడిగాను.”

“గుర్తు సంగతి చెప్తావా, అందర్నీ ఇక్కడికి పిలవనా?”

“చీటీలన్నీ ముందు ఆయన చేతికే ఇచ్చారు కదా. డబ్బాలో వేస్తూ రెండిటి మూలలు చించాడు. గుండీలామెదీ, ఇస్త్రీ ఆమెదీ. చాలా?”

“రెండేనా? మరి నాది?”

“నీది చించలేదు. నువ్వు లేకపోతే ఈ బల్ల నడవదన్నాడు.”

“అంటే... మిగిలినవి ఎనిమిది. ఎనిమిదిలో ఒకటి. రావొచ్చు. అయితే నాది మాత్రం నిజంగా రాతే అన్నమాట. నిన్ను అనవసరంగా...”

“అక్కా.”

“ఏమిటి?”

“ఎవరి చీటీ వాళ్లే మడిచారు. అందరివీ నాలుగు మడతలు. నువ్వొక్కదానివే మందు పొట్లంలా మడిచి కొస లోపలికి దోపుతావు, చిన్నప్పట్నుంచీ.”

“అయితే?”

“నీది తప్ప ఏదైనా తియ్యమన్నాడు. డబ్బా అడుగుదాకా తడిమి తడిమి నీదే వెతికాను. అంతసేపూ నా చెయ్యి ఎంత నిలకడగా ఉందో నువ్వు చూడలేదా?”