ఇద్దరికి చెప్పాల్సిన మాట

హలో… ఆ, నేనేనమ్మా. పెట్టేయొద్దు. ఇంతకు ముందు రెండు మార్లు మోగించి పెట్టేసింది గూడా నేనే.

…డెబోరా. డెబోరా టీచరు. అనుపమ క్లాసు టీచర్ని. నాగలక్ష్మమ్మ గారే గదా మీరు, అనుపమ వాళ్ళ అవ్వ?

…తెలుసమ్మా. నా పేరు వింటేనే మీకు మండుతాదని తెలుసు.

…తిట్టండి. ఎంతసేపన్నా తిట్టండి. ఫోను మాత్రం పెట్టేయొద్దు.

…బడిలోనే ఉండా. ల్యాబు గదిలో. నాకిప్పుడు పీరియడ్ లేదు. …ఆ సద్దా? లారీలు. మైన్స్ లారీలు పోతాండాయి గేటు ముందర. కిటికీ మూసినా అంతే.

పాప బడికి రాక నాలుగు దినాలాయె.

…జ్వరమా. …జ్వరమని సైలస్ గూడా చెప్పినాడు. జ్వరం కాదని మీకు తెలుసు, నాకు తెలుసు.

…అవును, సైలస్ మా సంఘమే. మీ లారీ తోలేదీ ఆయనే, ఆదివారం మా చర్చిలో ముందు బెంచీలో కూర్చునేదీ ఆయనే. ఆయన మీద కోపం పెట్టుకోవద్దమ్మా. విన్నాడు, మీకు చెప్పినాడు. తప్పు ఆయనది కాదు. వినిపించిన దాన్ని నేను.

…చెప్తా. మొదట్నుంచి చెప్తా. మీకు ఎవురూ సరిగ్గా చెప్పుండరు.

పోయిన నెల మా టీచర్లకంతా మూడు దినాలు ట్రైనింగ్ పెట్టినారు. పిల్లోళ్ళ మనసు గురించి, బడిలో వాళ్ళను కాపాడుకునే దాని గురించి…

…నవ్వండి. మేమూ నవ్వినాము. మా డ్రిల్లు మేష్ట్రు పక్కీరప్ప ఏమన్నాడో తెలుసునా? 'ఇంక మనసుకు గూడా అటెన్షన్, స్టాండెటీజ్ చెప్పల్లేమో మేడమ్' అన్నాడు. బళ్ళారి డాక్టరమ్మ ఒకామె వచ్చింది పాఠం చెప్పేదానికి. ఆమె నవ్వలేదు. ఆమె నవ్వకపోతే మేమూ గమ్మునైతిమి.

ఆమే చెప్పింది, బడిలో ఒక పెట్టె పెట్టండి అని. పిల్లోళ్ళు నోటితో చెప్పలేనివి చీటీ రాసి వేస్తారు, పేరు రాసే పనిలేదు అని. నేను చెప్పుల అట్టపెట్టెకు రంగుకాయితం అంటించి మెట్ల కింద పెట్టినా. రెండు వారాలు ఏమొచ్చినాయో తెలుసునా? 'ఫ్యాను తిరగల్యా.' 'లెక్కల సారు చాక్‌పీసు విసిరేది మానాల.' ఒకడైతే 'పక్కీరప్ప సారు పెండ్లి ఎప్పుడు' అని…

…అవునమ్మా. పిల్లోళ్ళు గదా.

ఆ మీదట ఒక శుక్రవారం ఇది వచ్చింది.

…సైలస్ చెప్పినట్ల కాదు. చీటీ నా కాడ ఉండాది. చదివేదా? …మీరు వినాల. అందరికంటే మొదట వినాల్సింది మీరే. నేనే వరస తప్పిస్తి.

…ఆయ్తు, సరే. చదువుతాండా.

'నా పేరు రోడ్డు మీద ఎదురుగా వస్తుంటే పోయి అడ్డం నిలబడాలనిపిస్తుంది. రోజూ అనిపిస్తుంది. ఎవరికీ చెప్పొద్దు.'

…అంతే. ఇంకేం లేదు.

…ఉండారా అమ్మా?

…పేరు రాయలేదు. రాసే పనేముంది? అద్దం పైన పలక మీద ఇంతింత అక్షరాలతో అనుపమ అని రాసుకొని ఈ దావన తిరిగే లారీ ఒకటే గదా. పాప నాయన కేశవప్ప దాన్ని కొన్న దినం బడికంతా పేడాలు పంచింది ఈ పాపే. పోయినేడంతా ఆ లారీ వస్తే చాలు, 'నా పేరు, నా పేరు' అని గేటు కాడికి ఉరికేది. నేనే గదిమేదాన్ని.

…తెలుసు. ఆంజినప్ప సంగతి ఇంట్లో ఎత్తగూడదని కేశవప్ప చెప్పినాడు, తెలుసు. ఆ దినం తోలింది సైలస్ కాదు, ముందుండిన డ్రైవరు, ఆయన్ను పంపించేస్తిరి. అదంతా తెలుసు. నేను కేసు గురించి మాట్లాడల్యా. బడి గేటు కాడ జామకాయలమ్మే మనిషి, మా కండ్ల ముందర పోయినాడు. బడిలో పిల్లోళ్ళు దాన్ని ఎట్ల చెప్పుకుంటారో ఎప్పుడన్నా విన్నారా?

…'లారీ గుద్దింది' అనరమ్మా. 'అనుపమ గుద్దింది' అంటారు. 'ఆంజినప్ప అనుపమ కింద పడినాడు' అంటారు. ఎగతాళికి కాదు. ప్రతి లారీకి ఒక పేరుంటాది, ఆ పేరుతోనే చెప్తారు, అంతే. మూడు నెలలు ఆ పాప ఆ మాట వింటాండాది. నేనూ విన్నా. విని అటెండెన్సు తీసుకుంటి. అనుపమ అని పిలిస్తే 'ప్రెజెంట్ మేడమ్' అంటాండె. నాకేమీ తోచలేదు.

…వస్తాండా, ఆడికే వస్తాండా.

ఆ డాక్టరమ్మ స్పష్టంగా చెప్పిందమ్మా. పిల్లోళ్ళు చెప్పింది మీ కాడే పెట్టుకోండి, ప్రాణాపాయమైతే మాత్రం దాచొద్దు, ఇద్దరికి చెప్పండి. ఇంట్లో ఒక పెద్ద దిక్కుకు, డాక్టరుకు. మూడో మనిషికి వద్దు అని. నేను నోట్సులో రాసుకుంటి. కింద గీత గూడా కొట్టుకుంటి.

…ఎందుకు రాలేదంటే… భయమాయె. కేశవప్ప ఏమంటాడో అని. శుక్రవారం సాయంత్రం అట్లే పాయె. శనివారం పాయె. ఆదివారం చర్చికి పోతి.

మా చర్చిలో ఒక అలవాటుంది. ప్రసంగానికి ముందు అయ్యగారు 'ప్రార్థన మనవులు ఉంటే చెప్పండి' అంటారు. కష్టముండేవాళ్ళు లేచి చెప్తారు. ఆపరేషన్, కోర్టు, బిడ్డ పరీక్ష, ఏదన్నా. అందరం కలిసి ప్రార్థన చేస్తాము. నాకు మాటలొచ్చినప్పటి నుంచి చూస్తాండా, బరువుంటే దించేది ఆడ. చేతులు వాటంతటవే దించేస్తాయి. …నేనూ లేస్తి.

…పేరు చెప్పలేదు! 'మా బడిలో ఒక పాప, తొమ్మిదో తరగతి, తన పేరుండే లారీని చూస్తే చచ్చిపోవాలనిపిస్తాదంట, ప్రార్థన చెయ్యండి' అంటి. పేరు చెప్పలేదు గదా అనుకొని నెమ్మదిగా కూర్చుంటి. కూర్చొని చూస్తే ముందు బెంచీలో సైలస్ తల వంచుకోనుండాడు. ఇన్నూరు మంది ఆమెన్ అన్నారు.

ఇద్దరికి చెప్పమంటే ఇన్నూరు మందికి చెప్తి.

…లేదమ్మా! మా మతంలో కలుపుకొనేదానికి కాదు… …అనండి. మీరు అట్ల అనుకునేదానికి నేనే చోటిచ్చినా.

…ఇంకోటి చెప్తా. ఇది ఎవురికీ చెప్పలేదు, అయ్యగారికి గూడా. ఆ చీటీ చేతికొచ్చినప్పుడు నాకు మొదట భయం కాలేదు. సంతోషమాయె. రెండు వారాలు ఫ్యాను, చాక్‌పీసు అని చదివీ చదివీ… 'ఆ, వచ్చింది, నా పెట్టె పనికొచ్చింది' అనుకుంటి. చర్చిలో లేచినప్పుడు గూడా అదే ఉండె లోపల. జాలితో లేస్తి అనుకుంటి. ఆ జాలిలో గొప్పకు పోయింది ఎంతో, నాలుగు దినాల నుంచి తవ్వి తవ్వి చూసుకుంటాండా. అడుగు కనపడల్యా.

…నిజమే. నా ఏడుపు వినేదానికి కాదు మీరు ఫోనెత్తింది.

ఏం కావాలంటే… పాపని కంప్లికి పంపిస్తాండారంట గదా, మేనత్త ఇంటికి.

…ఈ పొద్దేనా? …మధ్యాహ్నమే?

…జీపులో పోతారు సరే, ఆ లారీలన్నీ వచ్చే దావనే గదమ్మా.

…కంప్లి చెడ్డదనల్యా. ఏరుండాది, వరి మళ్ళుండాయి, లారీ సద్దు లేదు. మేనత్త గూడా మంచామే అయ్యుంటాది. కానీ ఎవురికీ తెలియగూడదని పంపిస్తాండారు గదా మీరు? అంటే ఆడ గూడా పాప నోరు మూసుకోనే ఉండాల. ఆ మాట లోపలే ఉంటాది. పాపతో పాటే జీపెక్కుతాది.

అడిగినారా ఎవురన్నా? …ఏమని అంటే, నీకు చచ్చిపోవాలని అనిపిస్తాందా అని.

…అడిగితే లేనిది పుట్టించినట్లయితాది అంటారు. ట్రైనింగులో లేచి ఆ మాటన్నది నేనేనమ్మా. డాక్టరమ్మ కాదంది. అడిగితే పుట్టదు, ఉండేది బయటికొస్తాది అంది.

…కేశవప్ప కొట్టినాడా. …చెంప మీద. …ఆయన గూడా భయపడే కొట్టుంటాడు.

ఇప్పుడు పాప కాడ ఎవురుండారు?

…వాళ్ళమ్మ యాడికి పాయె? …అంటే మేడ మీద ఒంటిగా ఉండాదా? ఎంతసేపాయె?

అమ్మా, ఆ సెల్లు పట్టుకొనే మెట్లెక్కండి. …మోకాళ్ళ నొప్పి ఉంటాది, తెలుసు. గోడ పట్టుకొని ఎక్కండి. …తర్వాత కాదు, ఇప్పుడే. నేను లైన్లోనే ఉండా.

…ఆ.

…ఆ, రొంత నిలబడి ఊపిరి తీసుకోండి.

…తలుపు తట్టండి. గడియ పెట్టిందా? …తోయండి.

…

…ఉండాదా? …అమ్మా, ఉండాదా?

…దేవుడా. …లేదు, లేదు, నాకేం కాలేదు. కూర్చుంటి, అంతే.

…కిటికీ కాడనా. రోడ్డు చూస్తాండాదా.

ఒక్క నిమిషం ఫోనిస్తారా? …మీరు పోవద్దు. పక్కనే, మంచం మీద కూర్చోండి. మీరు గూడా వినాల.

…

అనుపమా.

…మాట్లాడే పనిలేదు. నేనే చెప్తా. 'ఎవరికీ చెప్పొద్దు' అని రాసినావు. నేను చెప్తి. అందరి ముందర చెప్తి. నీ మంచికే అనను. తప్పు చేసినా. అంతే.

…

…ఒకటి అడగాల నిన్ను. చుట్టు తిప్పకుండా అడుగుతా. ఇప్పుడు గూడా అనిపిస్తాందా, చచ్చిపోవాలని?

…

…

…ఊ.

…ఊ. రోజూ పొద్దున బడి కాడ బస్సు దిగినప్పుడు.

…ఊ.

…లేదు, నేనేమీ అనను. ప్రార్థన చేద్దామని గూడా అనను. చెప్పు.

…ఏ జామకాయ?

…ఊ.

…నువ్వే పిలిచినావా. రోడ్డు అవతల, బస్సు నిలిచే కాడ నుంచి. …రెండు పండినవి తీసి పెట్టమంటివి.

…అవి ఇచ్చేదానికి దాటినాడా ఆంజినప్ప.

…

…ఊ. …ఎదురుగా నీ పేరు కనపడింది.

…

…లేదు, ఉండా. ఫోను పెట్టలేదు. 'నీ తప్పు కాదు' అని నాలుక కొసకు వచ్చింది. ఇప్పుడే చెప్తే నీ నోరు మూసినట్లయితాదని గమ్మునుండా. నీ తప్పు కాదు. అది నువ్వు నమ్మేదానికి చానా దినాలు పడతాది. డాక్టరమ్మ కాడికి పోదాము. నువ్వు, అవ్వ, నేను. చెప్పేది ఆమెకొక్కదానికే.

…అవ్వ ఏడుస్తాందా? ఏడవనీ. చెయ్యి పట్టుకో. …ఏమంటాంది? …జీపు నిలపమని చెప్తానంటాందా. …మంచిది.

…ఏందీ? …చీటీనా? …ఆ, నా కాడే ఉండాది. బైబిల్లో పెట్టినా.

…నీదే గదా. ఇచ్చేస్తా.

…ఇప్పుడేనా?

…

…రాను అనల్యా. మీ ఊరికి హగరి బస్సు పదకొండున్నరకు ఉండాది. బస్సు నిలిచేది ముందు గేటుకు అవతల పక్క. రోడ్డు దాటాల…

…నీకు ఇంకో సంగతి చెప్తా, నవ్వొద్దు. ఆ దినం నుంచి నేను ముందు గేటు తొక్కల్యా. వెనక సందులోంచి, బాత్‌రూముల పక్క నుంచి వస్తాండా. మూడు నెలలాయె. మిమ్మల్ని పొద్దున రోడ్డు దాటించే డ్యూటీ నాది. నడుము నొప్పి అని పక్కీరప్ప సారుకు ఇచ్చేస్తి. నువ్వేమో రోజూ ఆ రోడ్డు దాటి నా క్లాసులో కూర్చుంటివి.

…అవును. భయమే. మేడములకు గూడా ఉంటాది.

…పెట్టేయొద్దు. లేస్తాండా. సద్దు వినపడతాందా? …మెట్లు. …అవ్వ ఎక్కె, నేను దిగుతాండా.

…పక్కీరప్పా! నా తర్వాతి పీరియడ్ చూసుకో. …వచ్చి చెప్తా. …కాదు, వెనక గేటు కాదు. ముందుదే తెరువు. …ఆ, నడుము నొప్పి పోయిందిలే.

…ఉండావా? …వాడు నోరు తెరుచుకొని నిలబడినాడు.

…గేటు కాడికొస్తి. ఆంజినప్ప బుట్ట పెట్టే రాయి అట్లే ఉండాది. ఎర్ర దుమ్ము కప్పింది. …ఊ, ఎవురూ కూర్చోవడం లేదు దాని మీద.

…ఒక లారీ. …పోనీ.

…ఇంకోటి. …లేదు, నీ పేరుది కాదు. ఇంకెవురి బిడ్డ పేరో. …పోనీ.

…కాళ్ళు రాల్యా, అనుపమా. …రొంత ఉండు.

…నువ్వు చెప్తావా? …సరే, చెప్పు. …కుడి. …ఎడమ. …మళ్ళీ కుడి. ఖాళీగా ఉండాది.

…

…

…దాటినా.

…దాటినా, అనుపమా. అవతల ఉండా.

…బస్సు కనపడతాంది. ఒక చేతిలో బైబిలుండాది, ఒక చేతిలో నువ్వుండావు. చెయ్యెత్తకపోతే డ్రైవరు నిలపడు. …అవ్వ చెయ్యి వదలొద్దు, నేనొచ్చేదాకా. …సరే? …నోటితో చెప్పు.

…ఆ. పెట్టేస్తాండా. వస్తాండా.