పాత గొట్టం కొలత

1987. ఆలేరులో తుపాకులు బాగుచేసే ముసలాయన కొట్టు. అడవిపందులు పడకుండా చేను కాపలా కాసే రైతు లైసెన్సు తుపాకితో వచ్చాడు.

"చాచా, కొత్త మందు పోసి పేలిస్తే భుజం నల్లగ కమిలింది. తుపాకి ఖరాబైందా?"

"జర మందు నా చేతుల పెట్టు బిడ్డా. ఎంత పోసినవ్?"

"మా నాయిన కొలిచే వెదురు గొట్టం నిండ. ఎప్పటి లెక్కనే."

"తుపాకిది తప్పు లేదు. మీ నాయిన మందు జొన్నరవ్వ లెక్క ఉండె. ఇది బొంబాయిరవ్వ కన్న సన్నం, దీని జోరే వేరు. మల్ల గా గొట్టంతోని పోస్తే తుపాకే పగుల్తది."

"మా నాయిన సచ్చి పదేండ్లాయె! ఆయన మందు నీ వేళ్లకు ఇంకా యాదికున్నదా? కండ్లు లేకున్నా గింత ఎట్ల పట్టినవ్ చాచా?"

"కండ్లున్ననాడు వేళ్లతోని సూడలే బిడ్డా. నేను గూడ కొత్త మందును పాత గొట్టంతోనే పోసిన."