మార్చిలో మిడత

నదిలో లైల్ శవం దొరికిన మర్నాడు, మోంటానాలోని అతని వంటింట్లో భార్యా తమ్ముడూ ఎదురెదురుగా కూర్చున్నారు. లైల్ చివరిసారి పట్టుకెళ్ళిన గేలం కర్ర బల్ల మీద ఉంది, దాని దారం చివర ఈకలతో చేసిన మిడత ఎర ఉంది.

"దీనికి మిడత కట్టి ఉందేమిటి?"

"చేపలకి వెళ్ళాడు కదా, వదినా. కాలు జారింది."

"ట్రౌట్ చేపలు మిడతల్ని తినేది ఆగస్టులో. ఇప్పుడింకా ఒడ్డున మంచే కరగలేదు."

"తొందరలో ఏదో ఒకటి కట్టుంటాడు."

"మీ అన్నా? నీళ్ళ మీద ఏ పురుగు ఎగురుతోందో చూడందే, దాన్ని పోలిన ఎర ఈగ కట్టేవాడు కాదు. గంటలో ఆరుసార్లు మార్చేవాడు. ఈకలు చుట్టి ఆ ఈగలన్నీ చేసిచ్చేది నేనే. ఇది నేను చేసింది కాదు, నీ గేలాల పెట్టెలోది."

"ఇప్పుడవన్నీ ఎందుకు, వదినా?"

"చెప్పు."

"నేను నది దగ్గరికి వెళ్ళేసరికి కర్ర బండకి ఆనించి ఉంది. దారానికి ఏ ఈగా లేదు. కోటు మడతపెట్టి, దాని మీద పెళ్ళి ఉంగరం పెట్టాడు. కోటు నా బండిలో దాచాను. పోలీసులు వచ్చేలోగా చేతికందిన ఈగ కట్టేశాను. ఉంగరం ఇదిగో."

"చేపలకనే చెప్పాడు నాతో. ఫ్లాస్కులో కాఫీ కూడా పోసిచ్చాను."

"నీకు తెలియకూడదనుకున్నాను."

"రేపు మీ నాన్న వస్తున్నారు. రాగానే ఈ కర్ర చేతిలోకి తీసుకుంటారు. ఏ నెలకి ఏ ఈగో మీ ఇద్దరికీ నేర్పింది ఆయనే."

"ఏం చెయ్యమంటావు?"

"ఆ సొరుగులో నేను చేసిన నల్ల దోమలున్నాయి, అన్నిటికంటే చిన్నవి. మార్చిలో కట్టేవి అవే. మిడతని కోసేసి వాటిలో ఒకటి కట్టు. మీ అన్న వేసే ముడే వెయ్యి."