మాణిక్యం పెట్టుకెళ్లిన పూలజడ

పూల వరాలమ్మని ఒకావిడుండేదంట, మా అమ్మమ్మ వాళ్ల పేటలో. కాలవ అవతల లంకతోటల్లో పూలు కోయించుకుని, రేవు దాటి, తడి అరిటాకు కప్పిన బుట్ట నెత్తినెట్టుకుని ఇంటింటికీ ఇచ్చేది. పొద్దున చెప్తే మధ్యాహ్నానికల్లా గుమ్మంలో పువ్వులు. వానైనా అంతే, జ్వరమైనా అంతే. మిగిలితే కాలవలో వదిలేసేదే గానీ, నీళ్లు చల్లి నిన్నటివి ఇవాళ అమ్మే రకం కాదు. వరాలమ్మ మాటిచ్చిందంటే పువ్వు వచ్చినట్టే అనుకో.

సరే, ఏమైందంటే, మా అమ్మమ్మ భ్రమరాంబ పెళ్లి. మిట్టమధ్యాహ్నం ముహూర్తం. పూలజడా, దండలూ వరాలమ్మే తేవాలి. తెస్తోంది. మేదరవీధిలోకి వచ్చేసరికి ఒక గుడిసె ముందు జనం నిలబడున్నారంట. ఏమిటయ్యా అంటే, బుట్టలల్లే మాణిక్యం పోయింది. మొగుడు గవరయ్య అరుగు మీద కూలబడి ఉన్నాడు. ఈవిణ్ణి చూసి, "అప్పా, పసుపు రాశారు, బొట్టు పెట్టారు, తల్లో పువ్వే లేదప్పా. ముత్తైదువ, ఒట్టి జుట్టుతో ఎల్లిపోతాంది" అన్నాడంట. తోటకి ఎవర్నన్నా పంపకపోయావా అంటే, "పంపాను. ఇయ్యాల పువ్వంతా పెళ్లికి కోసేశారంట" అన్నాడు. అవతల పాడె కట్టేశారు.

మీకు తెలుసుగా అమ్మా, చావింట్లో దించిన బుట్ట పెళ్లింటికి పనికిరాదు. ఒక్క పువ్వు తీసినా బుట్టంతా మైలే. దణ్ణం పెట్టుకుని వెళ్లిపోతే ఎవరూ తప్పుపట్టరు. దించిందా, ఆ పెళ్లి ఏమవుతుందో, పేటలో మళ్లీ ఏ ఇల్లన్నా గుమ్మమెక్కనిస్తుందో లేదో. నిలబడిందంట, నిలబడిందంట. ఆఖరికి "నారాయణా" అని బుట్ట దించేసింది. పూలజడ తీసి తన చేత్తోనే మాణిక్యానికి కట్టింది, దండ మెళ్లో వేసింది. తరవాత కాలవలో తలమునకా స్నానం చేసి, తడిబట్టల్తో, ఒట్టి చేతుల్తో పెళ్లింటికొచ్చింది.

పడవ తిరగబడిందని చెప్పినా నమ్ముదురు. చెప్పలేదు ఆ తల్లి. జరిగింది జరిగినట్టే చెప్పింది. పెళ్లికొడుకు మేనత్త అంతెత్తున లేచి, "మా పిల్లాడి దండ పీనుగుకేసి, మళ్లీ మా ముందుకొచ్చి చెప్తున్నావంటే ఎన్ని గుండెలే నీకు!" అందంట. లోపల మా అమ్మమ్మ జుట్టు విరబోసుకుని ఒకటే ఏడుపు. అప్పుడు, మా అమ్మమ్మకి నాయనమ్మ, మహలక్ష్మమ్మగారని, మూల కూచునున్నావిడ, "ఆగండర్రా. పేరంటాలికి పువ్వులు పెట్టారా మీరు?" అనడిగింది. పేరంటాలంటే, పసుపుకుంకాలతో పోయిన ఇల్లాలు. మా వైపు ముందు ఆవిడకి పూలు పెట్టి దణ్ణం పెట్టుకున్నాకే ఏ పెళ్లయినా. వంటవాళ్లూ, విడిదీ, ఆ హడావిడిలో పడి అందరూ మరిచిపోయారు! "మీరు మరిచిన పని ఆ పిల్ల చేసొచ్చింది. కాళ్లకి దణ్ణం పెట్టాల్సింది పోయి అరుస్తారేమిటి? లేవండి, పెరళ్లలో ఏవుంటే అవి కోసుకురండి" అంది.

ఇంకేముంది, ఆడవాళ్లంతా కొంగులు దోపుకుని బయల్దేరారు. ఒకరింట్లో కనకాంబరాలు, ఒకరింట్లో మరువం, ఒకరింట్లో నందివర్ధనాలు. ఒకావిడ గుమ్మడిపువ్వులు కూడా తెచ్చిందంట, చూడు! వరాలమ్మ పొడి చీర కట్టుకుని కూచుంది, ఆ వేళ్లు కనపడలేదంట అంత జోరు. మేనత్త కాసేపు బిగుసుకుని నిలబడి నిలబడి, ఆఖరికి తనే అరిటినార తడిపి అందిస్తూ, "కట్టవే, కట్టవే, అవతల మేళం మొదలెట్టేశారు" అందంట. గౌరీపూజ అయ్యేసరికి జడా అయింది, దండలూ అయ్యాయి. అన్ని రంగుల జడ పేటలో అంతకుముందు ఎవరూ చూళ్లేదంట.

అప్పట్నించీ మా ఇంట్లో ఏ పెళ్లయినా మొదటి పువ్వులు మాణిక్యం పేరంటాలికే. మొన్న మా మనవరాలి పెళ్లిలో కొత్త వియ్యంకుడుగారు, ఈ మాణిక్యం మీకేమవుతుందండీ అనడిగారు. కులమూ ఒకటి కాదు, గోత్రమూ ఒకటి కాదు, ఏం చెప్పను? "మా అమ్మమ్మ జడ పెట్టుకెళ్లినావిడండీ" అన్నాను. తలూపారు పాపం. ఏమర్థమైందో మరి.